మౌనప్ప ముఖం

"ఈ డబ్బా కండ్లకు కట్టుకుంటే మౌనప్ప కనపడతాడంటే మేము నమ్మల్లనా?"

ఈశ్వరప్ప మాటకు షెడ్డు బయట చేరిన ఊరంతా నవ్వింది.

లోపల మాధవీలతకు ఏడుపొక్కటే తక్కువ.

ధర్మవరం రోడ్డుకు లోపలగా ఉన్న ఆ ఊరి గుట్ట మీద పాతకాలపు బౌద్ధాలయం ఉంది. రాతిలో చెక్కిన బుద్ధుడు కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటాడు. ఊరికి ఆయన మౌనప్ప. వానలు పడకపోతే ఆముదం పూసి మొక్కుతారు. క్వారీ రోజుల్లో మట్టిలోంచి బయటపడ్డాడంటారు. తనంతట తానే వెలిశాడని ఈశ్వరప్ప వాదన.

మెట్లు కూలిపోయాక ముసలివాళ్ళెవరూ గుట్ట ఎక్కలేకపోయారు. వాళ్ళ కోసమే హిందూపురం పిల్ల మాధవీలత గుడిని అంగుళం వదలకుండా ఫొటోలు తీసి, వీఆర్ పెట్టెలో నిలబెట్టింది. కళ్ళకు తగిలించుకుంటే గుడి లోపల ఉన్నట్టే ఉంటుంది.

మధ్యాహ్నం పెనుకొండ నుంచి పర్యాటక శాఖ అధికారి వస్తున్నాడు. ఊరివాళ్ళే చూడనిది యాత్రికులకేం చూపిస్తావని ఆయనంటే సామాను సర్దుకోవాల్సిందే.

"ఒక్కరన్నా చూడండి అన్నా," అని బతిమాలింది.

"చెప్పులేసుకోని, కుర్చీలో కాలు మీద కాలేసుకోని దేవుణ్ణి చూసేదా? మా ఇండ్లల్లో అట్ల నేర్పీలేదమ్మా."

కూర్చునే నలువైపులా తిరిగి చూడొచ్చని చక్రాల కుర్చీలు బెంగళూరు నుంచి మోజుపడి తెప్పించింది. అవే కొంప ముంచుతాయని ఆమెకేం తెలుసు!

అప్పుడే ఓ ఆటో వచ్చి ఆగింది.

డ్రైవరు చెయ్యి పట్టుకుని ఓ పెద్దాయన్ని గడప దాకా తీసుకొచ్చాడు. తెల్ల టోపీ, నల్లద్దాలు, చెంపల మీద నల్లటి చుక్కలు.

"మౌనప్పను చూపిస్తాండేది ఈడేనా?"

"ఈడే తాతా. కంటి ఆపరేషన్ అయిందా?"

"అవి శానా అయినాయిలే తల్లీ. స్వామి ముఖం బాగుండాదా? ముక్కు, పెదాలు?"

"ఒక్క పెచ్చు కూడా ఊడలేదు తాతా."

పెద్దాయన గుండె నిండా ఊపిరి పీల్చి వదిలాడు. గడప దగ్గరే చెప్పులు విడిచాడు. కుర్చీ చేతికి తగిలితే పక్కకు నెట్టేసి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

బయట నవ్వులు ఆగిపోయాయి.

నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని తల వంచాడు. మాధవీలత వెనక నుంచి పెట్టె తగిలించింది.

"ఏమప్పా, ఏమన్నా కనపడతాందా?" గడప అవతల నుంచి ఈశ్వరప్ప ఎగతాళిగా అడిగాడు.

"ముఖం కనపడతాంది."

"ఎట్లుండాది?"

"నవ్వుతాండాడప్పా. పెదాల చివర్న, ఇంతే ఇంత నవ్వు. ఎడమ చెవి మీద పొద్దుటి ఎండ పడతాంది. కండ్లు మూసుకోనే అంతా చూస్తాండాడు."

ఆ గొంతులోని సంతోషం విని ఊరు ఒక్కడుగు ముందుకు జరిగింది.

మాధవీలత ల్యాప్‌టాప్ చూసింది. పెట్టెలో కనపడేదే అందులోనూ కనపడుతుంది. ఆయన ముందున్నది ఉత్త ఇటుక గోడ. బుద్ధుడు ఆయన వెనకవైపు ఉన్నాడు. సరిగ్గా ఇప్పుడే మొరాయించాలా ఇది, అని విసుక్కుని దాని మూత వేసేసింది.

పెద్దాయన చేతులు జోడించాడు.

"ఏం పోలేదు స్వామీ. నీదేం పోలేదు."

ఈశ్వరప్ప చెప్పులు విడిచాడు.

ఇక చూడాలి ఆ సంబరం! మాధవీలత కుర్చీలన్నీ తానే బయటికి తోసేసింది. నేల మీద ఒకరి వెనక ఒకరు కూర్చున్నారు. చూసినవాళ్ళు లేవరు, చూడనివాళ్ళు ఆగరు. కుర్చీలకు చక్రాలున్న సంగతి అప్పుడు పనికొచ్చింది. గుట్ట ఎక్కలేని ముసలివాళ్ళను వాటి మీదే ఇళ్ళ నుంచి తోసుకొచ్చారు.

అధికారి వచ్చేసరికి గడప దగ్గర చెప్పుల గుట్ట. ఆయన కూడా బూట్లు విప్పి, చోటు వెతుక్కుని కూర్చున్నాడు. చూసి లేచి ఒకటే మాటన్నాడు.

"ఇది ఇక్కడే ఉంటుంది. ఇంకో నాలుగు పెట్టెలు పంపిస్తాం."

ఈలలు, కేకలు! ఈశ్వరప్ప అయితే పెట్టెను తానే చేసినంత గర్వంగా నిలబడ్డాడు.

ఆఖరి కుర్చీలో యల్లక్క వచ్చింది. ఒకప్పుడు క్వారీ కూలీలకు వండిపెట్టిన మనిషి. మౌనప్పను చూసి ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది.

"అందరికంటే ముందర చూసిందెవరే పాపా?"

మాధవీలతకు అప్పుడు గుర్తొచ్చింది. వీధిలోకి పరుగెత్తింది. ఆటో ఎప్పుడో వెళ్ళిపోయింది.

"పేరన్నా అడగలేదవ్వా. తెల్ల టోపీ, చెంపల మీద నల్లటి చుక్కలు..."

యల్లక్క నవ్వు ఆగింది.

"షరీఫు. క్వారీలో రాళ్ళు పేల్చే మందు కూరేటోడు. ఒకనాడు పొద్దున్నే వత్తులు ముట్టిచ్చినాక మట్టి జారి స్వామి ముఖం బయటపడె. మేమంతా ఇట్ల పరిగెత్తితే ఆయప్ప అట్ల పరిగెత్తె. స్వామి కాడి వత్తి పీకేసినాడు. పక్కది పేలె."

ఈశ్వరప్ప తల దించుకున్నాడు.

యల్లక్క కొంగుతో పెట్టె అద్దాలు మెల్లగా తుడిచి మాధవీలత చేతిలో పెట్టింది.

"ఆ పొద్దు స్వామి ముఖాన్ని చూసిందే పాపా, ఆయప్ప కండ్లకు ఆఖరి చూపు."