మడుగు చేరని చేపలు

"బకెట్లో ఏముండాదో చూపించు పెద్దాయనా," అన్నాడు కేశవ.

ఇసుకలో నడిచిపోతున్న ముసలాయన ఆగాడు. చేతిలోని బకెట్‌కు తడి గోనెపట్టా కప్పి ఉంది. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. గస పోస్తున్నాడు.

మే నెల. సంగం బ్యారేజీకి దిగువన పెన్న అక్కడక్కడా గుంటలుగా మిగిలింది. ఇసుక తవ్విన గుంతల్లో మోకాటి లోతు నీళ్లు. అర కిలోమీటరు అవతల, కేశవ వల వేసుకునే మడుగులో మాత్రం రెండు నిలువుల లోతు.

ఈ రోజుల్లో చేప చిక్కేది పొద్దు పొడిచే వేళకే. ఎనిమిది దాటిందంటే నీళ్లు వేడెక్కుతాయి, చేప అడుగుకు దిగిపోతుంది. ఆ పూట కేశవకు మూడు జెల్లలు తప్ప ఏమీ పడలేదు. చేపలు అమ్ముకోవడానికి పోకుండా ఆ చిరాకు మీదే ఏట్లో తిరుగుతున్నాడు.

కేశవ తనే గోనెపట్టా లాగేశాడు.

అన్నీ వేలెడేసి చేప పిల్లలు. బొచ్చెలు, రాగండ్లు. నీళ్ల పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

"పిల్లల్ని కూడా వదలవా? నీలాంటోళ్ల వల్లనే ఏట్లో చేప లేకుండా పోతా ఉండాది."

"మడుగు దాకా పోనీ నాయనా. ఎండెక్కతా ఉండాది, బతకవు."

మడుగు మాట వినగానే కేశవకు ఒళ్లు మండింది. తన మడుగులోని కొరమీనుకు వీటిని ఎర వేయబోతున్నాడనుకున్నాడు. బకెట్ లాక్కుని ఇసుకలో బోర్లించాడు.

ముసలాయన గబుక్కున కూలబడ్డాడు. చేప పిల్లల్ని ఏరి, దోసిట్లో పట్టినన్ని పట్టుకుని మడుగు వైపు లేచాడు. కేశవ అడ్డం నిలబడ్డాడు. ఇంకోసారి ఏట్లో కనిపిస్తే కాళ్లు విరగ్గొడతానన్నాడు.

దోసిట్లో కదలిక ఆగిపోయే దాకా ఆయన అట్లాగే నిలబడ్డాడు.

తర్వాత వాటిని మెల్లగా ఇసుకలో పెట్టి, బకెట్ అడక్కుండానే రోడ్డు వైపు వెళ్లిపోయాడు.

దొంగను పట్టుకున్నానని కేశవ ఆ రోజంతా ఊళ్లో చెప్పుకున్నాడు.

పది రోజులు గడిచాయి. గాలి తిరిగిన ఒక ఉదయం మడుగు దగ్గరికి కుళ్లు వాసన కొట్టింది. కేశవ ఎగువకు నడిచాడు.

గుంతలు ఒకటొకటిగా ఎండిపోయాయి. పగుళ్లు తీసిన బురద మీద చేప పిల్లలు పరిచినట్టు పడి ఉన్నాయి. తిని తిని కొంగలు కూడా కదలడం లేదు.

గట్టున మేకలు కాస్తున్న దేవకమ్మ కేక వేసి అడిగింది. "ఆ చేజర్ల ఆయన ఏడిరా కేశవా? పది రోజులుగా మళ్లా రాలేదే?"

ఏ చేజర్ల ఆయన అన్నాడు కేశవ.

ఆమె చెప్పుకొచ్చింది. నాలుగేళ్లుగా ఎండాకాలం వస్తే చాలు, ఆయన మొదటి బస్సుకు దిగుతాడు. ఎండబోయే గుంతల్లో తువ్వాలుతో చేప పిల్లల్ని పట్టి, కేశవ చేపలు అమ్ముకోవడానికి పోయాక బకెట్లో మోసుకుపోతాడు. ఎండ ముదిరే లోపల ఐదారుసార్లు తిరుగుతాడు. చేరవేసే దాకా మంచినీళ్లు కూడా ముట్టడు.

"నీ మడుగులోనే గదరా పోసేది. నీకు తెలుసనుకున్నానే."



నాలుగేళ్లుగా దిగువ వాళ్లకు వలలు ఖాళీగా వస్తున్నా తనకు మాత్రం చేప పడుతోంది. ఆత్మకూరు సంతలో అందరి ముందూ అది తన చేతి మహిమ అని చెప్పుకుంటూ వచ్చాడు.

ఇంకా నీళ్లున్న గుంతలు రెండే మిగిలాయి. ఆ రోజూ మర్నాడూ అందిన పిల్లల్ని అందినట్టు మడుగుకు మోశాడు. మూడో తడవకే భుజాలు పడిపోయాయి. ఆయన వయసు అరవై పైమాటే.

మూడో రోజు చేజర్ల బస్సెక్కాడు.

పెన్నలో చేప పిల్లల్ని మోసే ముసలాయన ఎవరని అడిగితే చర్చి వెనక సందులో ఇల్లు చూపించారు. ఆయన పేరు చెంచయ్య అని అక్కడే తెలిసింది. గురువారం సమాధి చేశారనీ అక్కడే తెలిసింది.

భార్య లిదియమ్మ వసారాలో కుర్చీ వేసింది. రెండేళ్లుగా ఊపిరితిత్తుల జబ్బని, బరువు ఎత్తొద్దని డాక్టరు చెప్పినా వినలేదని చెప్పింది.

ఎక్కడ మొదలుపెట్టాలో కేశవకు తెలియలేదు. "నేను సంగం నుంచి వచ్చినానమ్మా. ఏటి కాడ..." అని ఆగిపోయాడు.

ఆమె ముఖం తేటపడింది.

"నువ్వేనా నాయనా? ఆ రోజు ఒట్టి చేతుల్తో వచ్చినాడు. బకెట్ ఏదయ్యా అంటే, ఏటి కాడ ఒక మంచోడు తీసుకున్నాడు, ఇంక చేపల సంగతి ఆ పిల్లోడే చూసుకుంటాడు అన్నాడు. ఆ నిమ్మళంతోనే పోయినాడు."

నిజం చెప్పాలని కేశవ నోరు తెరిచాడు. ఈ లోపల ఆమె మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది. ఆ గ్లాసు నోటి దాకా ఎత్తలేకపోయాడు, కింద పెట్టనూ లేకపోయాడు.

ఆఖరికి తల వంచుకునే అడిగాడు. అంత జబ్బు మనిషి, ఎవరి కోసం అంత దూరం వచ్చి ఆ పని చేసినట్టు?



"నీతో చెప్పలేదా? సిగ్గుపడి ఉంటాడులే. ఇసుక కోసం ఆ గుంతలు తవ్విన పొక్లెయిన్‌ను ఆరేళ్లు నడిపింది ఆయనే గదా నాయనా."