చివరి అంకె

మేనేజరు టేబుల్ మీద స్వీట్ల పెట్టె తెరిచి ఉంది. అందరూ తీసుకున్నారు, చాదస్తం తప్ప.

ఆఫీసు ఆమెకు పెట్టిన పేరది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం ఆమె ఉద్యోగం. రక్తపరీక్షల రిపోర్టులు చూపించే ఈ వెబ్‌సైటు రేపు ఆస్పత్రులకు వెళ్లాలంటే ఆమె ‘సరే’ నొక్కాలి.

నొక్కలేదు.

ట్రయల్ కోసం మొన్న ఆఫీసులో అందరూ రక్తం ఇచ్చారు. వరసలో ఆమె వెనకే మేనేజరు. ఆయన తండ్రి కిడ్నీలు పాడైపోయే పోయాడు. రిపోర్టు వచ్చేదాకా ఆయనకు తిండి సయించలేదు.

పొద్దున తెరిస్తే కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి. రక్తమే కాస్త తక్కువ. ఇంటికి ఫోన్ చేసి ఏడ్చేశాడు కూడా.

"ఇంకా ఏంటమ్మా?" అన్నాడు ఆమె దగ్గరికొచ్చి.

"నా శాంపిల్ నంబరు చివర రెండు సార్. మీది మూడు. ఈ పేజీ ఇద్దరికీ రెండే చూపిస్తోంది."

"పదహారు అంకెల్లో చివరిదొక్కటి. కోడిగుడ్డు మీద ఈకలు పీకకు తల్లీ."

"సర్వర్ సరిగ్గానే పంపుతోంది. అంత పెద్ద సంఖ్య పట్టక పేజీ దాన్ని దగ్గర్లో ఉన్నదానికి సర్దేస్తోంది. సంఖ్యగా కాకుండా అక్షరాలుగా పంపిస్తే సరిపోతుంది. సాయంత్రానికి అయిపోతుంది."

"అంత టైం లేదు. నువ్వు నొక్కకపోతే ఇంకొకరు నొక్కుతారు."

"నొక్కించుకోండి. నేను మాత్రం నొక్కను."

చుట్టూ కీబోర్డులు ఆగిపోయాయి.

ఆమెకు కోపం రాలేదు. జాలేసింది. ఈ మాట చెప్పకుండానే గట్టెక్కుదామనుకుంది.

"రక్తం తక్కువ నాకు సార్. చిన్నప్పట్నుంచీ."

ఆయన తన రిపోర్టు మళ్లీ చూసుకున్నాడు. పైన పేరు తనదే. కింద రక్తం ఆమెది.

"మరి నాది?"

"ఇంకా ఎవరూ చూడలేదు."

ఆయన స్వీట్ల పెట్టెకు మూత పెట్టాడు. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూలబడ్డాడు. ఇక నొక్కమని అనలేదు.

చీకటి పడే వేళకు పేజీ మళ్లీ తెరుచుకుంది. ఆయన చప్పున అరచెయ్యి స్క్రీన్‌కి అడ్డం పెట్టాడు.

చేతికి పైన నంబరు ఒక్కటే కనిపిస్తోంది. చివర మూడు.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది.

"ఇప్పుడు నొక్కు తల్లీ," అన్నాడు, చెయ్యి తియ్యకుండానే.