చెల్లెలి నంబరు

జాబితాలో చెల్లెలి పేరు ఉంది. అక్క పేరు లేదు.

అక్క పైనుంచి కిందికి రెండుసార్లు చూసి, ఫోన్ బల్లమీద బోర్లించింది. మనసు చెదిరినవాళ్ళ మాటలు వింటూ ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీలో కూర్చున్న మనిషి. కొత్త చట్టానికి ఆ ఏళ్ళు అక్కర్లేదు. ప్రభుత్వం ఒప్పుకున్న కాలేజీ పట్టా ఉంటేనే రిజిస్ట్రేషన్ నంబరు, ఆ నంబరు ఉంటేనే థెరపీ చెయ్యాలి. పట్టా చెల్లెలికుంది.

"రేపు మనవాళ్ళంతా నిరసనకి వెళ్తున్నారు. నువ్వూ రా అక్కా," అంది చెల్లెలు గుమ్మంలో నిలబడి.

"నీకెందుకే నిరసన? నీ పేరొచ్చిందిగా."

"చట్టం తప్పు కదా."

"తప్పయితే నీ తలుపుకి ఆ నంబరు పలకేమిటి?"

"రిసెప్షన్ ఆవిడ పెట్టించింది. నేను..."

"సరేలే. లోపల నీకోసం చూస్తున్నారు, వెళ్ళు."

అక్క దగ్గరికి వచ్చేవాళ్ళని ఆ వారమే పక్కనున్న చెల్లెలి గదికి మార్చేశారు. మధ్య గోడ పల్చన. ఆరేళ్ళుగా అక్క ముందు ఏడవడమే తప్ప నవ్వడం ఎరగని టీచరమ్మ, బుధవారం ఆ గదిలో పకపకా నవ్వింది. అక్క తన కుర్చీని గోడకి దూరంగా జరుపుకుంది. అసూయ అంటే ఏమిటో, దాన్ని ఎలా దాటాలో ఎంతమందికి విడమరిచి చెప్పిందో. ఇప్పుడు తనకి ఒక్క ముక్కా పనికిరాలేదు.

శుక్రవారం చెల్లెలు లేని వేళ, నంబర్లు ఇచ్చే మండలి నుంచి ఒక అధికారి వచ్చాడు. చంకలో ఫైలు.

"మీ చెల్లెలుగారి గురించి ఒక్క మాట. ఆవిడ కేసులు సొంతంగా చూసుకోగలరాండీ?"

చూసుకోగలదు. ఆ సంగతి అక్క కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఎక్కడండీ! నన్నడగందే అడుగు ముందుకెయ్యదు. సాయంత్రం నేను చెప్పింది పొద్దున అక్కడ అప్పజెబుతుంది. పట్టా తనది, పని నాది."

చెల్లెలు పనిలో చేరిన మొదటి ఏడాది సంగతి అది. ఆ తర్వాత చెల్లెలు అడిగిందీ లేదు, అక్క చెప్పిందీ లేదు.

అధికారి ఫైలు తెరిచాడు. అందులోంచి ఒక తెల్లకాగితం తీసి ముందుకు జరిపాడు.

"ఈ మాట రాసిస్తారా?"

అక్క రాసింది. కింద సంతకం పెట్టింది. ఒళ్ళంతా తేలికపడ్డట్టనిపించింది.

అధికారి కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుని, బరువుగా లేచాడు.

"అయితే ఆవిడ నంబరు రద్దు చేయక తప్పదండీ. సొంతంగా నాకేం చేతకాదు, అంతా అక్క చలవే, అక్కకి లేని నంబరు నాకొద్దని ఆవిడ ఉత్తరం రాశారు. మీమీది ప్రేమకొద్దీ రాసిన అబద్ధమని మీరంటే, ఆ ఉత్తరం చించేద్దామనే వచ్చాను."