గుమ్మంలో బొమ్మ

ఫిబ్రవరి పదిహేడు, శనివారం, దీపాలు వెలిగించే వేళకు కాస్త ముందు. హాలులో ముగ్గురున్నారు. ఇళ్ళ ప్లాన్లు గీసి బతికే అక్క, దూరపు ఊరి నుంచి ఆ మధ్యాహ్నమే దిగిన ఆడిటరు చెల్లెలు, చెప్పిన పోలికలను బట్టి ముఖాలు గీసే ముసలి చిత్రకారుడు.

"చుబుకం?" అని అడిగాడు చిత్రకారుడు.

"కింద కాస్త కోసుగా. ఎడమ వైపున చిన్న గాటు," అంది అక్క కళ్ళు మూసుకుని.

"కంఠతా పట్టినట్టు చెబుతున్నారు."

"చూసి చెబుతున్నాను."

సోఫాలో కూర్చున్న చెల్లెలు నవ్వింది. "మా అక్క బుర్రలో సినిమా హాలుందండీ. నాకు దేవుడు రేడియో ఇచ్చి సరిపెట్టాడు."

అది వట్టి హాస్యం కాదు. చెల్లెలు కళ్ళు మూసుకుంటే చీకటే. కట్టుకున్న భర్త ముఖమైనా తలపుకు రాదు. మనిషి ఎదురుగా ఉంటే మాత్రం ఇట్టే పోల్చుకుంటుంది. అక్క సంగతి పూర్తిగా వేరు. పునాది పడని ఇంట్లో ఏ కిటికీ గుండా ఏ వేళకు ఎండ ఎక్కడ పడుతుందో ఆమెకు ముందే కనబడుతుంది. ఆ వరంతోనే ఉద్యోగంలో పైకి వచ్చింది. ఆ వరమే ఇప్పుడు ఆమెను నిద్రపోనివ్వడం లేదు.

అక్కకు తొమ్మిదేళ్ళు, చెల్లెలికి మూడేళ్ళు ఉన్నప్పుడు అమ్మ పోయింది. ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. ఆ ఏడాది నుంచే మునిమాపు వేళ వంటింటి గుమ్మంలో ఒక స్త్రీ నిలబడడం అక్క చూస్తోంది. ఇల్లు మారితే ఆ ఇంటి గుమ్మంలోకీ వచ్చేది. అమ్మే అనుకుంది, చిన్నతనంలో అదే ఆమెకు ధైర్యం. కానీ ఏళ్ళు గడిచి తన జుట్టు నెరిసింది, గుమ్మంలో మనిషికి ఒక్క వెంట్రుకా తెల్లబడలేదు. ధైర్యం మెల్లగా భయమైంది. ఇంట్లో పనిమనిషిని పెట్టుకోకపోవడానికి కారణం కూడా అదే. గుమ్మంలో ఇద్దరు నిలబడితే ఎవరు నిజమో తేల్చుకోలేనేమోనని ఆమె దిగులు.

తనకు మతి తప్పుతోందా? ఆ ఒక్క ప్రశ్న పట్టుకునే పోయిన నెల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అందరి బుర్రలూ ఒక్కలా పనిచేయవని ఆయన నెమ్మదిగా వివరించాడు. యాపిల్ పండు అనగానే కొందరికి దాని ఎరుపు, నిగనిగ కళ్ళముందు నిలుస్తాయట. కొందరికి ఆ మాట తప్ప మరేమీ ఉండదట. రెండూ జబ్బు కావు. మీ అమ్మగారిని మీ మనసు మరీ బాగా గీసుకుంది, అంతే, అన్నాడు. ఆ రూపాన్ని కాగితం మీదికి దించమన్నాడు. వెనక తన చేత్తోనే నిజం రాసి, సంతకం చేసి, మడిచి లోపల పెట్టెయ్యమన్నాడు. అప్పటికీ అది బయట ఉందనే అనిపిస్తే మాత్రం ఉద్యోగం మాని ఆసుపత్రిలో చేరక తప్పదన్నాడు.

"నేను టీ పెడతాను," అంటూ చెల్లెలు లేచింది. "నీకేం అక్కా, ఇంటిపని బాధ లేదు. మా ఇంట్లో అన్నీ నేనే చేసుకోవాలి."

పెళ్ళి లేని తన బతుకు మీద వేసిన చురక అనుకుని అక్క మళ్ళీ చిత్రకారుడి వైపు తిరిగింది.

వంటింట్లోంచి గిన్నెల చప్పుడు, దాని మధ్య చెల్లెలి గొంతు వినవస్తున్నాయి. తనలో తాను మాట్లాడుకోవడం దానికి చిన్నప్పటి అలవాటే. బొమ్మలు లేని బుర్రలో మాటలే కదా ఉండేది. అక్క అటు వీపు పెట్టి కూర్చుని, తిరిగి చూడకుండా చెప్పుకుపోయింది. బిగించిన ముడి. మోచేతుల దాకా మడిచిన రవిక చేతులు. తడి తుడుచుకుంటున్నట్టు ఒకదానిమీద ఒకటి వేసిన అరచేతులు. ఎవరో పిలుస్తారని వింటున్నట్టు కొద్దిగా వాలిన తల.

చెల్లెలు ట్రే తెచ్చింది. హాలులోకి మూడు కప్పులు వచ్చాయి. నాలుగోది వంటింటి గట్టు మీదే ఉండిపోయింది.

"ఊరందరి లెక్కలూ చూస్తావు, ముగ్గురికి నాలుగు పోశావా?" అంది, పోసిన చప్పుడు నాలుగుసార్లు విన్న అక్క.

చెల్లెలు ఏదో అనబోయేంతలో చిత్రకారుడు కాగితం ఎత్తి చూపాడు. అక్క ఒక్కసారి చూసి ముఖం తిప్పుకుంది. తల మాత్రం ఊపింది. అతను కాగితాన్ని బల్ల మీద బోర్లించి, టీ తాగి, సెలవు తీసుకున్నాడు.

అక్క కాగితం వెనక పొందికైన అక్షరాలతో రాసింది. 'ఇది నా మనసు కల్పించిన రూపం మాత్రమే. బయట ఎక్కడా లేదు.' కింద సంతకం చేసి కలం చెల్లెలికి అందించింది.

"సాక్షిగా నువ్వూ పెట్టు. బొమ్మలే పుట్టని బుర్ర కదా, నీ మాటకు విలువ ఉంటుంది."

"నా కళ్ళకు కల్పనలు తెలియవులే. ఎదురుగా ఉంటేనే కనబడుతుంది," అంది చెల్లెలు. "చూడనిదానికి సంతకం పెట్టను. ఈ సంతకం నీదేనని మాత్రం పెడతాను."

పెట్టింది. కలం మూత బిగిస్తూ కాగితాన్ని తిరగేసి చూసింది. ఆమె పెదవుల మీద నవ్వు మెదిలింది. అక్క కాగితం అందుకుని, బొమ్మ వైపు చూడకుండానే నాలుగు మడతలు వేసి, బీరువా అరలో పెట్టి తాళం తిప్పింది. గుండెల మీది బరువు దిగినట్టయింది. ఎన్నో ఏళ్ళ తరువాత మొదటిసారి, హాలులో దీపం వేయాలన్న తొందర లేకుండా కుర్చీలో వెనక్కి వాలింది.

చెల్లెలు ఖాళీ కప్పులు ట్రేలో సర్దుతూ అడిగింది.

"అమ్మ బొమ్మంటూ మీ పనామెను గీయించావేంటక్కా?"