కంట్రోల్ సారు బొటనవేలు

సారు ఒక కాలికి బూటుతో, ఇంకో కాలికి కట్టుతో ల్యాబులోకి కుంటుకుంటూ వచ్చారు.

రేపు పదింటికి సర్జన్ ఆయన బొటనవేలు తీసేస్తారు.

వేలిలో చేరిన బాక్టీరియా ఏడు రకాల యాంటీబయాటిక్స్‌ని హరాయించుకుని కూర్చుంది.

ఇక మిగిలింది నా వెండి. వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఉండే నలుసులు, నీళ్ళలో కలిపినవి. పళ్ళెంలో బాక్టీరియా చస్తే, ఆ వెండితో కట్టు కట్టి చూస్తానని సర్జన్ మాటిచ్చారు.

నిన్న గాజు పళ్ళెమంతా సారు వేలి బాక్టీరియా పూసి, ఒక పక్క వెండి చుక్క, ఇంకో పక్క ఉత్త నీళ్ళ చుక్క వేశాను.

మూత తీశాను. వెండి చుట్టూ చొక్కా గుండీ అంత ఖాళీ.

"చచ్చింది సార్."

ఆయన మొహం వెలిగింది. అయినా అలవాటు ఊరుకోదుగా.

"కంట్రోల్ ఏదీ?"

ముప్ఫై ఏళ్ళుగా ఎవరు ఏ ఫలితం తెచ్చినా ఆయన అడిగేది అదే: మందు వెయ్యకుండా, పోల్చి చూడ్డానికి పెట్టింది ఏదని. మేం పెట్టుకున్న పేరు కంట్రోల్ సారు. ఆ ఒక్క ప్రశ్నతో నావే మూడు ఫలితాలు చెత్తబుట్టలో పడ్డాయి.

నీళ్ళ చుక్క చూపించాను.

దాని చుట్టూ కూడా ఖాళీయే.

ఉత్త నీళ్ళకే చచ్చేదైతే ఆయన వేలు ఎప్పుడో స్నానాల గదిలోనే బాగుపడాలి.

"నీళ్ళు ఏ సీసాలో పోశావు?"

"మొన్న వెండి పోసిన దాంట్లో. మూడుసార్లు కడిగాను సార్."

"యాసిడ్‌తోనా?"

"సబ్బుతో."

వెండి నలుసులు గాజుని పట్టుకుంటే సబ్బుకి వదలవు. అది నాకు నేర్పింది ఆయనే.

సారు తన కట్టు వంక చాలాసేపు చూసుకున్నారు.

"సర్జన్‌కి వెండి వైపు ఫొటో ఒక్కటే పంపుదామా సార్?"

"నీ థీసిస్‌లో ఆ ఫొటో పెడితే ఏం చేసేవాణ్ణి?"

"చింపేసేవారు."

"మరి?"

ఫోన్ తీశారు.

"డాక్టర్ గారూ, ఒక్క రోజు ఆగండి... అబ్బే, వేలు అలాగే ఉంది. నీళ్ళే బాగాలేవు."

తర్వాత నన్ను పక్కకి తప్పించి, ఒంటికాలి మీద నిలబడి, కొత్త సీసా తనే యాసిడ్‌తో కడిగారు.

మర్నాడు ఆ నీళ్ళతో వేసిన కొత్త పళ్ళెం మూత తీశాను. వెండి చుట్టూ నిన్నటిలాగే ఖాళీ.

దాన్ని చూపిస్తున్న నా చేతిని నెట్టేసి, ఆయన నీళ్ళ చుక్క మీదికి వంగారు.

అక్కడ బాక్టీరియా దట్టంగా, నిగనిగలాడుతూ, అంచుదాకా అల్లుకుపోయి ఉంది.

"ఎంత బాగా పెరిగిందమ్మా," అన్నారు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ.