తొంభైల ఇల్లు

"బోర్డేది?" అంది దీప కారు దిగుతూనే.

"పాతకాలం ఇంటికి బోర్డు పెడితే పాతకాలం ఎట్లయితది? అదే వాళ్ల స్టైల్," అన్నాడు ఓంప్రకాశ్.

ఓంప్రకాశ్‌కు హన్మకొండ చౌరస్తాలో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. దుకాణం కన్నా ఎక్కువగా చూసుకునే ఇన్‌స్టా పేజీ ఇంకోటి ఉంది. పేరు 'పాత రోజులే బంగారం'. నారింజ బిళ్ల, నిర్మా పొట్లం, డాల్డా డబ్బా, డబ్బా టీవీ. రోజుకో ఫొటో ఆయన పెట్టడం, నలభై దాటిన జనం కింద 'ఏడుపొచ్చింది బ్రో' అని రాయడం. ఏసీ గదుల్లో కూర్చుని ఉక్కపోతను కలవరించడం ఒక రోగం. వరంగల్‌లో ఆ రోగాన్ని అంటించే పెద్దమనిషి ఓంప్రకాశే.

ఖిలా వరంగల్‌లో ఎవరో కొత్తగా 'తొంభైల ఇల్లు' పెట్టారు. చిన్నప్పటి ఇల్లు ఎలా ఉండేదో అచ్చం అలా. లోపల ఒక అమ్మమ్మ ఉండి ఆ కాలం మాటలే మాట్లాడుతుందట. హైదరాబాద్‌లో ఇలాంటి పేజీయే నడిపేవాళ్లు మధ్యాహ్నానికి దిగుతున్నారు. వాళ్లకన్నా ముందు వీడియో పెట్టకపోతే ఓంప్రకాశ్ పరువు గంగలో కలుస్తుంది.

మట్టికోట వెనక, రాత్రి వానకు తడిసిన సందులో మ్యాపు ఆగింది. రేకుల ఇల్లు, నీలం తలుపు. తలుపు దగ్గర ఒక ముసలామె నిలబడి ఉంది.

"రాండ్రి సారూ, రాండ్రి! నా పేరు పూలమ్మ. నిన్న ఫోన్ల చెప్పిండ్రు వత్తరని. పొద్దటిసంది మీకోసమే చూత్తాన."

"చూసినవా? బుకింగంటే ఇట్లుండాలె," అని భార్యతో అని, ఓంప్రకాశ్ ఫోన్ తీశాడు. "వీడియో తియ్యొచ్చా అమ్మా?"

"అయ్యో, తియ్యుండ్రి. మూలమూలకు తియ్యుండ్రి. ఏదీ ఇడిసిపెట్టద్దు."

లోపలికి వెళ్లగానే ఇద్దరికీ పూనకం వచ్చింది. కప్పు నుంచి చుక్కచుక్కగా నీళ్లు కారి కింద గిన్నెలో పడుతున్నాయి.

"దీపా, చప్పుడు విను! పైన పైపు పెట్టిండ్రు గావచ్చు. ఏం పనితనం!"

దీప అప్పటికే గోడవారన ఉన్న సబ్బుడబ్బా ముందు కూలబడింది. "కొత్త లైఫ్‌బాయ్‌కి పాత ముక్క అతికిచ్చిండ్రు! మా అమ్మ గిట్లనే చేసేది!" అని కళ్లు తుడుచుకుంది. సబ్బుముక్కను చూసి ఏడ్చే మనిషిని పూలమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఫ్రిజ్ లేదా అమ్మా?" దీప ఆటపట్టించింది.

"లేదు బిడ్డా, ఒట్టు. ఫ్రిజ్ లేదు, బండి లేదు. ఉన్నదని ఎవలన్న చెప్తే నమ్మకుండ్రి."

ఓంప్రకాశ్ భార్య చెవిలో గొణిగాడు. "యాక్టింగ్ చూడు. జర గూడ పాత్రల నుంచి బయటికొస్తలేదు." తర్వాత పైకి చూసి నాలుక చప్పరించాడు. "ఒక్కటే తప్పమ్మా. ఈ ఎల్‌ఈడీ బల్బు. మొత్తం ఖరాబు చేస్తాంది."

పూలమ్మ గబగబా బల్బు కిందికి వచ్చింది. "తప్పా సారూ? మా కోడలు తెచ్చింది. ఇప్పుడే తీత్త."

చెయ్యెత్తితే అందే కప్పే. తీసి చీరకొంగులో దాచింది. చీకట్లో డబ్బా టీవీ ఒక్కటే వెలుగుతోంది. గీతలు పడ్డ బొమ్మ. పూలమ్మ దాని నెత్తిన ఒక్కటిచ్చింది. సీరియల్ తేటగా కనిపించింది. దీప చప్పట్లు కొట్టింది.

"మేం గూడ ఇట్లనే కొట్టేది! ఈ సీరియల్ నేను ఒక్కరోజు గూడ మిస్ చెయ్య. ఆ కోడలిని ఎంత గోస పెడుతున్నరో చూసినవా అమ్మా?"

"గోస సంగతి నాకెరుక లేదు బిడ్డా. గంత పెద్ద ఇంట్ల, మెట్ల మీద నిలవడి కొట్లాడుకుంటరు. ఆ మెట్ల కింద జాగ ఇత్తే మా అందరికి సాలు."

"డైలాగ్!" ఓంప్రకాశ్ ఎగిరి గంతేశాడు. "ఎవరు రాసిచ్చిండ్రో గని దండం పెట్టాలె. ఎంతమంది ఉంటరమ్మా ఇండ్ల?"

"నేను, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. అందరం ఈ ఒక్క అర్రలనే."

"ఉమ్మడి కుటుంబం! మాకేది ఆ అదృష్టం?" అంది దీప. మూడు పడగ్గదుల ఇంట్లో అత్తగారు నాలుగు రోజులుంటే తలనొప్పి మాత్రలు మింగే మనిషి ఆమె.

పూలమ్మ టీ తెచ్చింది. స్టీలు గ్లాసు మీద చెక్కిన పేరును ఓంప్రకాశ్ దగ్గరగా వీడియో తీశాడు. వెళ్లేముందు పూలమ్మ చేతులు పట్టుకున్నాడు.

"ఒక్క రేకు గూడ మార్చద్దమ్మా. ఇట్లనే ఉండాలె."

"మార్చద్దా?" పూలమ్మ కారుతున్న కప్పు వైపు చూసింది. "గట్లంటరేంది సారూ?"

"అరే, ఫికర్ చెయ్యకు. నీ ఇంటి గురించి మంచిగ రాస్త. రాష్ట్రమంత చూస్తది."

"మంచిగ వద్దు సారూ. ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి. అది సాలు." ఆమె కాళ్లకు మొక్కబోయింది. దీప ఆపి, భుజం మీద చెయ్యేసి సెల్ఫీ దిగింది.

కారెక్కగానే వీడియో పెట్టేశారు. కింద ఓంప్రకాశ్ రాసిన మాట: 'ఇలాంటి ఇళ్లు కనుమరుగు కాకూడదు. షేర్ చేయండి.' మట్టికోట దాటేలోపే గుండె బొమ్మలు కుప్పలుపడ్డాయి. హైదరాబాద్ వాళ్ల పని అయిపోయింది.

ఇటు సందులో పక్కింటి సోమక్క గోడ మీంచి తొంగిచూసింది.

"ఎవలే పూలమ్మా, కారేసుకొని వచ్చిండ్రు?"

పూలమ్మ కళ్లు తుడుచుకుని మొహం నిండా నవ్వింది.

"నాకు పక్కా ఇల్లు మంజూరు చేసే సార్లు."