చెవి మీది పెన్సిల్

"అమ్మాయ్, ఆ చెవి మీది పెన్సిల్ పడిపోతుందేమో చూసుకో."

వరండా బెంచీ మీద పక్కన కూర్చున్న ముసలావిడ అంది.

"పడదు మామ్మగారూ. పదిహేనేళ్ళుగా అక్కడే కాపురం," అంది బోర్డులక్క.

ఆమె షాపులకు బోర్డులు రాసే మనిషి. అసలు పేరు ఇంట్లోవాళ్ళే మర్చిపోయారు. ఇప్పుడు బడిలో డ్రాయింగ్ టీచరు కావాలని పట్టు పట్టింది. రాతపరీక్ష గట్టెక్కింది, రంగులు గట్టెక్కాయి. మిగిలింది ఒక్కటే. పిల్లల ముందు నిలబడి పది నిమిషాలు పాఠం చెప్పాలి. అక్కడే రెండుసార్లు బోల్తా పడింది.

వాళ్ళ వీధి బడిలో హెడ్‌మిస్ట్రెస్ నెలాఖరు దాకా ఉద్యోగం అట్టే పెట్టింది. ఈసారీ సర్టిఫికెట్ రాకపోతే అది ఇంకొకరికి పోతుంది.

"మీరెందుకొచ్చారు మామ్మగారూ?"

"నేనూ ఈ పరీక్షకేనమ్మా."

ఈ వయసులో ఎంత ఓపికో అని బోర్డులక్కకి ముచ్చటేసింది.

"పాఠం రాసుకొచ్చారా?"

"లేదే."

"అయ్యయ్యో, మీ పని గోవిందా. ఇలా వినండి. ముందు వస్తువు చూపించాలి. పిల్లల్ని తాకి చూడనివ్వాలి. వాళ్ళు గీస్తుంటే మనం చూడాలంతే. మన చెయ్యి వాళ్ళ కాగితం మీద పడకూడదు. రెండుసార్లు తప్పి నేర్చుకున్న సంగతులు, ఊరికే చెప్పేస్తున్నా."

"ఇంత తెలిసినదానివి ఎలా తప్పావు?"

"చెయ్యి ఆగదండీ. వంకర గీత కనబడితే దిద్దేదాకా ప్రాణం కొట్టుకుపోతుంది."

బోర్డులక్క సంచీలోంచి, తప్పినప్పుడల్లా చేతికిచ్చిన రెండు కాగితాలు తీసింది. రెండింట్లోనూ ఒకటే ముక్క. 'పిల్లల బొమ్మలు తానే గీసింది.'

"ఇదెవరు రాశారు?"

"వెనక బెంచీలో కూర్చుని మార్కులేసే మహాతల్లి. భయంతో నేను ఒక్కసారి కూడా తలెత్తి ఆవిడ మొహం చూడలేదు. ఆ రాత చూడండి, 'ల' తోక ఎంత దూరం ఈడ్చిందో. బోర్డు మీద నేనిలా రాస్తే షాపువాళ్ళు నా కింద నిచ్చెన లాగేస్తారు."

ముసలావిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"నిజమే. తోక కాస్త ఎక్కువే."

లోపల్నుంచి నంబరు పిలిచారు. బోర్డులక్క చప్పున లేచింది.

"అమ్మాయ్, ఆ పెన్సిల్ ఒకసారి ఇయ్యి. ఒక ముక్క రాసుకోవాలి."

ఇచ్చింది. ఆవిడ సంచీలో కాగితం కోసం వెతుకుతూ కూర్చుంది, ఎంతకీ తెమలదు. గుమ్మం దగ్గర బంట్రోతు గడియారం చూపించాడు. బోర్డులక్క లోపల్లోపల విసుక్కుంటూ పెన్సిల్ లేకుండానే లోపలికి పరిగెత్తింది.

బల్ల మీద గొడుగు. ఎదురుగా ఇరవైమంది పిల్లలు. వెనక బెంచీలో ఒక కళ్ళజోడాయన.

గొడుగు తెరిచింది, మూసింది, పిల్లల చేతికిచ్చింది. అందరూ గియ్యడం మొదలుపెట్టారు. మూడో వరసలో ఒక పిల్ల గొడుగుని గిన్నెలాగా వెల్లకిలా గీసి పారేసింది.

బోర్డులక్క చెయ్యి దానంతటదే చెవి మీదకి వెళ్ళింది. అక్కడేమీ లేదు. పిల్ల చేతిలో పెన్సిల్ లాక్కుందామంటే మరీ మోటుగా ఉంటుంది. ఇక నోరు విప్పక తప్పలేదు.

"గొడుగు ఇలా అయిపోయిందేమ్మా?"

"గాలొచ్చింది టీచర్."

"గాలేది మరి? నాకు కనబడట్లేదే."

పిల్ల కాసేపు ఆలోచించి ఎగిరిపోతున్న చెప్పు ఒకటి గీసింది. పక్కవాడు తొంగిచూసి తన గొడుగు కింద కప్పని కూర్చోబెట్టాడు. ఇంకొకడు గొడుగులో చేపలు నింపాడు. గదంతా ఒకటే నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది బోర్డులక్కే. తనని టీచర్ అన్నారని ఆమెకి అప్పుడు తట్టింది. ఒళ్ళంతా పులకరించింది.

గంట కొట్టారు. కళ్ళజోడాయన లేచి వచ్చాడు.

"పాసయ్యారు. నేనీ పనికి కొత్త. ఇంతకుముందు చూసే మేడమ్ పోయిన నెలే రిటైరయ్యారు. మీ ఫైల్లో ఆవిడ రాసింది చదివి కంగారుపడ్డాను. ఇవాళ మీ చెయ్యి అసలు కదల్లేదే."

బోర్డులక్కకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషంలోనూ పక్కమనిషిని మర్చిపోలేదు.

"బయట ఒక మామ్మగారున్నారు సార్. పాపం, పాఠం రాసుకోలేదు. కాస్త చూసీచూడనట్టు పాస్ చేసెయ్యండి."

ఆయన జాబితా చూశాడు.

"మీదే చివరి నంబరమ్మా. ఇంకెవరూ లేరు."

బయటికొచ్చి చూస్తే బెంచీ ఖాళీగా ఉంది. దాని మీద తన పెన్సిల్, కొత్తగా చెక్కి, చిన్న కాగితంలో చుట్టి ఉంది.

'ఇక ఇది బోర్డుల మీదే వాడు, టీచరమ్మా.'

నవ్వుతూ చదివింది. మళ్ళీ చదువుతుంటే నవ్వు ఆగిపోయింది. 'ల' తోక కాగితం అంచు దాకా ఈడ్చి ఉంది.

పాత కాగితాలు రెండూ తీసి పక్కన పెట్టి చూసుకుంది. తనని రెండుసార్లు తప్పించిన మహాతల్లి, రిటైరై ఇంట్లో హాయిగా కూర్చోకుండా ఇంత దూరం వచ్చి, పక్కనే కూర్చుని తిట్లు తిని, తనని పాస్ చేయించి వెళ్ళిపోయింది.